లెక్కకు రాని నలభై చుట్లు

యాభై తొమ్మిదో సంవత్సరం మృగశిర కార్తెలో అనంతగిరి కొండ మీద పిడుగు పడింది. మనుషులకేమీ కాలేదు. దవాఖానలో ఆడవాళ్ల వార్డు రేడియో మాత్రం కాలిపోయింది.

నా భార్య రుక్కమ్మ అప్పటికి ఏడు నెలలుగా ఆ వార్డులో ఉంది. క్షయ. ఏడాదిన్నర ఉండాలన్నాడు డాక్టరు. సూదులు, మాత్రలు, పగలు రెండు గంటలు కదలకుండా పడుకోవడం. "సగంలో ఇంటికి తీసుకుపోతే మళ్లీ ఇక్కడికి తెచ్చే అవసరం పడదు" అని మొదటి రోజే చెప్పాడు. మెత్తగానే చెప్పాడు. నాకు అర్థమైంది.

మా ఊరు బంట్వారం పక్కన. కోడి కూయకముందు బయలుదేరి కోట్‌పల్లి మీదుగా నడిస్తే మూడో జాముకు కొండ ఎక్కేవాణ్ని. పదిహేను రోజులకొక ఆదివారం అలా వెళ్లేవాణ్ని. శ్రావణంలో వెళ్లినప్పుడు రుక్కమ్మ మంచం కింద ఒక మూట కనిపించింది.

"ఏం మూట గది?" అన్నాను.

"పోదామని కట్టిన."

"ఎక్కడికి?"

"ఎక్కడికంటె ఏం జెప్పాలె? నాకు ఎన్ని ఇండ్లు ఉన్నయ్?"

వార్డు ఆయా దేవమ్మ చీపురు పట్టుకుని అక్కడే ఉంది. "ఈ నెలల ముగ్గురు పోయిండ్రు మల్లప్పా," అంది. "డాక్టరు మొత్తుకున్నా ఆగలే. రేడియో మోగినన్ని రోజులు ఒక్కరు గూడ మూట కట్టలే."

"రేడియో లేదని ఇల్లు వట్టుకపోతరా ఎవరన్న?"

రుక్కమ్మ నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. మందలో గొర్రెలు ఎన్ని ఉన్నాయో చూసుకునేటప్పుడు ఉండే చూపు అది.

"అది మోగుతుంటె దగ్గు ఎవ్వలదో తెల్వకపోయేది," అంది. "ఇప్పుడు ఒక్కొక్కలది తెలుస్తుంది. గా మూల మంచం ఆమెది గీరినట్టుంటది. నడిమి ఆమెది తడి దగ్గు. మొన్న కిటికి కాడి దగ్గు వినవడలే. తెల్లారి చూస్తె మంచం ఖాళీ. కదలకుండ పండుకోమంటరు. పండుకొని ఏం జేస్త? దగ్గులు లెక్కవెడ్తున్న."

నాకు మాటలు తొందరగా రావు, ఇప్పటికీ అంతే.

"పొలాల అమాస దాక చూస్త," అంది. "అటెన్క నువ్వు తీస్కపోకున్నా నడుసుకుంట వస్త. సచ్చేదేదో మన గొర్ల వాసనల సస్త."

డాక్టరు దగ్గరికి వెళ్లాను. రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట. విదేశీ పెట్టె, కొత్తది బొంబాయి నుంచి రావాలి, రాశాం, దీపావళి దాటుతుంది అన్నాడు.

"ఆ పెట్టె నాకియ్యుండ్రి సార్."

"నీకు రేడియో పని తెలుసా?"

"తెల్వది."

"మరి?"

"తాండూరుల తెలిసినోడు ఉన్నడు."

ఆయన కొంచెంసేపు నా కాళ్ల వైపు చూశాడు. బురద మోకాళ్ల దాకా ఉంది. కాగితం మీద రెండు ముక్కలు రాసి, నా చేత సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. వేలిముద్ర కాకుండా సంతకం పెట్టినందుకు ఒకసారి తలెత్తి చూశాడు. నాలుగో తరగతి దాకా చదివిన సంగతి ఆయనకు చెప్పలేదు.

రేడియోను గొంగడిలో చుట్టి నెత్తిన పెట్టుకుని వికారాబాద్ స్టేషన్‌కు దిగాను. తాండూరు బండిలో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఒక ముసలాయన గొంగడి కొస ఎత్తి చూడబోయాడు.

"పిల్లనా, పొటేలా?"

"రేడియో."

"మరి అరుస్తలేదేంది?"

"పానం బాగలేదు."

డబ్బా మొత్తం నవ్వింది. నేను నవ్వించాలని అనలేదు.

*

రేడియోలు బాగుచేసే మత్తయ్య దుకాణం తాండూరు స్టేషన్ వెనక, నాపరాయి గోడల గది. బోర్డు లేదు. ఆయన నిజాం ఫౌజులో వైర్‌లెస్ పని చేసినవాడు. పోలీస్ చర్య తర్వాత ఫౌజు పోయింది, పని పోయింది. యుద్ధకాలం నాటి వైర్‌లెస్ పెట్టెల్ని సర్కారు తూకానికి అమ్మేస్తుంటే మూడు బండ్ల నిండా తెచ్చి రేకుల కింద పోసుకున్నాడు. మత్తయ్య ఇనుము మేపుతున్నాడని ఊరంతా ఎగతాళి చేసేది. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ నేసే ఊలు గొంగడి రెండేళ్లకొకటి కొనేవాడు కాబట్టి నాకు తెలుసు. అందరిలాగే నేనూ ఉస్తాద్ అని పిలిచేవాణ్ని.

వెనక చెక్క విప్పగానే వాసన కొట్టింది.

"ఊలు కాలిన వాసన," అన్నాను.

"లక్క కాలిన వాసన. నీ ముక్కుకు గొర్రె దప్ప వేరే లోకం తెల్వదా?" అని, కాసేపు ఆగి, "కానీ ముక్కు మంచిదే. పనికొస్తది," అన్నాడు.

నల్లగా ఉబ్బిన ఒక ఇనుప ముద్దను విప్పి నా చేతిలో పెట్టాడు. "ఇదే ట్రాన్స్‌ఫార్మర్. దీన్ని రేడియోకు కడుపు అనుకో. గోడల కరెంటు తింటది. తిన్నదాన్ని రెండు తీర్ల పంచుతది. ఒకటి మెత్తటిది, ఆరు వోల్టులు. లోపలి గాజు బుడ్లను వెచ్చగ పెడ్తది. ఇంకొకటి పొగరుబోతు పొటేలు, మూడు వందల యాభై. పెట్టె బంద్ చేసినంక గూడ అది లోపల దాక్కొని ఉంటది. మనం మర్చిపోయి చెయ్యి పెడ్తం." కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చూపించాడు. రెండూ కాలి, బిగుసుకుపోయి ఉన్నాయి. "గిట్ల పొడుస్తది."

"గా కుప్పల గిసువంటిది దొరుకుతదా?"

"దొరకొచ్చు. వెతికే ఓపిక నాకు లేదు. నీకుంటె చూడు."

మందను మా చిన్నాయన కొడుక్కి అప్పజెప్పి నాలుగు రోజులు ఆ రేకుల కింద కూర్చున్నాను. వాన రేకు మీద పడుతుంటే మత్తయ్య తలుపు దగ్గర కూర్చుని చెప్పేవాడు, నేను ఇనుము విప్పేవాణ్ని. పెట్టెల నుంచి మొత్తం పదిహేడు ముద్దలు తేలాయి.

మొదట ముక్కుకు పని. కాలిన వాసన ఉన్నవి తొమ్మిది పక్కన పడేశాను. మిగిలినవాటికి బల్బు. మత్తయ్య దగ్గర ఒక చెక్క ఉండేది, దానికి ఒక బల్బు, రెండు తీగలు. "మధ్యల బల్బు పెట్టి కరెంటు పంపుతున్నం," అన్నాడు. "బల్బు జోరుగ వెలిగితె లోపల తీగెలు ఒకదానికొకటి అంటుకున్నట్టు. అసలే వెలగకుంటె తెగినట్టు. కండ్లు సగం మూసుకున్నట్టు వెలిగిందనుకో, బతికున్నట్టు." అయిదు అక్కడ పోయాయి. మిగిలిన మూడింట్లో రెండింటికి బయటికి రెండే తీగలు. రెండే ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ కాదన్నాడు.

చివరికి ఒకటి మిగిలింది. నల్ల రంగు పూసి, చేతికి చల్లగా, బరువుగా ఉంది. ఏ తీగ దేనిదో నువ్వే చెప్పు అన్నాడు మత్తయ్య. కళ్లు మూసుకుని వేళ్లతో చూశాను. గొర్రె మీద ఊలు మూడు తీర్లుంటుంది. తొడల దగ్గర మొద్దు ఊలు, వీపు మీద నడిపి ఊలు, మొదటిసారి కత్తిరించిన పిల్ల ఊలు. ఈ తీగలూ అంతే.

"ఈ మొద్దువి బుడ్లను వెచ్చపెట్టేటియి. ఈ నడిపివి గోడకు. ఈ పిల్ల ఊలు లెక్క ఉన్నయి..." చెయ్యి తీసేశాను. "పొటేలు."

మత్తయ్య గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇనుము మీద చెక్కిన అంకెల దగ్గర దీపం పెట్టి చూస్తున్నాడు.

"నూట పదిహేను," అన్నాడు. "అమెరికోళ్ల ఫౌజుది. వాళ్ల కరెంటు మన దాంట్ల సగం. దీన్ని మన గోడకు పెడ్తె చిలుము కాల్చినంతసేపట్ల మండుతది."

నాకు రుక్కమ్మ మంచం కింది మూట గుర్తొచ్చింది. నా ముఖం చూసి ఆయనే మళ్లీ అన్నాడు: "పరేషాన్ గాకు. పొటేలు చుట్టు అడుగున భద్రంగ ఉన్నది. దాన్ని చేత్తోని చుట్టలేం, మిషన్ చుట్టాలె. గోడ చుట్టు మీదనే ఉన్నది, అది చుట్టొచ్చు. విప్పుదాం. ఎన్ని చుట్లుంటె దానికి రెట్టింపు, ఇంకొంచెం సన్న తీగెతోని."

విప్పుతుంటే నేను లెక్కపెట్టాను. నాలుగు వందల అరవై. అంటే తొమ్మిది వందల ఇరవై చుట్టాలి. పక్కన పడేసిన ముద్దల్లోంచి పనికొచ్చే తీగ తీశాం.

చుట్టడం మత్తయ్య వల్ల కాలేదు. బిగిసిన వేళ్లకు తీగ ఎంత లాగుతున్నదీ తెలియదు. మూడుసార్లు తెంపాడు. నా వల్లా కాలేదు. నా చేతులు తాడుకు, కత్తెరకు అలవాటు. చుట్టు మీద చుట్టు ఎక్కింది. అలా ఎక్కితే లోపల రాపిడై కాలుతుంది. ఇంకెవరన్నా ఉన్నారా అన్నాడు మత్తయ్య. ఉన్నారు. కానీ ఆమెను ఎలా అడగాలో నాకు తెలియలేదు.

పొలాల అమావాస్యకు పన్నెండు రోజులుంది.

*

మా అవ్వ నాగవ్వ గురించి చెప్పాలంటే లెక్క గురించి చెప్పాలి.

మేం కురుమలం. పొద్దున దొడ్డి తడిక తీసి మందను వదిలేటప్పుడు అవ్వ పక్కన నిలబడి లెక్కపెట్టేది. ఇరవై దాటగానే ఒక రాయి కొంగులో వేసుకుంటుంది. ఆ వెంటనే దాటిన గొర్రెను లెక్కపెట్టదు. అది బీరప్పది. అది దాటినంతసేపు పెదవులు మూసుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. మందలో ఎన్ని ఉన్నాయని ఎవరడిగినా ఆ రాళ్ల లెక్కే చెబుతాం. దేవుని గొర్రెలు నోటికి రావు. ప్రాణం ఉన్నవాటికి, మనం నిలుపుకోవాలనుకున్నవాటికి మాత్రమే ఈ పద్ధతి. జొన్న కంకులకు, కుండలకు ఉండదు.

ఇంకొకటి ఉంది. జబ్బు చేసిన గొర్రెను అవ్వ లెక్కలో పట్టదు. మేత పెడుతుంది, నీళ్లు పెడుతుంది, లెక్కలో మాత్రం పట్టదు. లేచి మందలో కలిస్తే అప్పుడు చూద్దాం అంటుంది.

మా అక్క ఇదే దగ్గుతో పోయింది. అప్పుడు కొండ మీద దవాఖాన లేదు. రుక్కమ్మకు మొదటిసారి దగ్గులో రక్తం కనబడిన రోజు అవ్వ ఆమె కదురును తీసి చూరులో దోపింది. తర్వాత ఆమె పేరెత్తలేదు. తిట్టలేదు, ఏడవలేదు. ఆదివారాలు నేను కొండకు పోతుంటే రొట్టెలు కట్టి ఇచ్చేది, ఎవరికని అనేది కాదు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగేది కాదు. అందుకే రేడియో సంగతి నేనూ చెప్పలేదు. తాండూరులో పని ఉందని మాత్రం అన్నాను.

సంత రోజున గొంగళ్లు మోసుకుని అవ్వ తాండూరు వచ్చింది. వాన ఎక్కువైతే మత్తయ్య దుకాణం గడపలో కూర్చుంది. లోపల నేను తీగతో తంటాలు పడుతున్నాను. కాసేపు చూసింది.

"ఏం చుట్టుడురా గది? పిచ్చుక గూడు కట్టినట్టు."

"ఇది ఊలు కాదు నాగవ్వా," అన్నాడు మత్తయ్య.

"తెలుస్తుంది తీయ్. ఊలైతె గిన్నిసార్లు తెగకపోవు. జరుగు."

జరిగాను. మత్తయ్య ఆమెకు చెప్పాడు: చుట్టు పక్కన చుట్టు రావాలి, మీదికి ఎక్కొద్దు, వరుస నిండగానే కాగితం వేసి మళ్లీ మొదలు. అవ్వ వింటున్నట్టు లేదు. తీగను వేళ్ల మధ్య పట్టి బారలు బారలుగా లాగి చూస్తోంది. ఒకచోట ఆగింది.

"గిక్కడ గరుకున్నది."

మత్తయ్య భూతద్దం పెట్టి చూశాడు. తీగ మీది పూత గోరంత మేర లేచిపోయి ఉంది. ఆ చోట లక్క పూసి ఆరబెట్టాడు. అప్పటినుంచి ఆమెను అక్కా అన్నాడు.

అవ్వకు వందలు రావు, ఇరవైలే వచ్చు. తొమ్మిది వందల ఇరవైని నేను భాగించి నలభై ఆరు గులకరాళ్లు ఆమె ఎడమ పక్కన పోశాను. ఇరవై చుట్లకొక రాయి కుడి పక్కకు జరపాలి. మొదలుపెట్టింది. ఎడమ చేతితో చట్రం తిప్పుతుంటే కుడి చేతి నుంచి తీగ కదురు మీది దారంలా వచ్చి పడుతోంది. చుట్టు పక్కన చుట్టు, దువ్వినట్టు. మత్తయ్య బీడీ ఆరిపోయినా చూసుకోలేదు.

ఆరు రాళ్లు జరిగాయి. వరుస మీద కాగితం వేయబోతుంటే అవ్వ అడిగింది: "గంజి వెట్టరా? చింతగింజల గంజి వెడ్తె గొంగట్ల వాన చుక్క దిగదు."

మత్తయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "గంజి వెడ్తె దవాఖాన మొత్తం అంటుకుంటదక్కా!"

"అయితె వద్దు తీయ్," అంది అవ్వ. తర్వాత ఆమె చెయ్యి ఆగింది. "ఏ దవాఖాన?"

మత్తయ్య నా వైపు చూశాడు. వాన రేకు మీద గట్టిగా పడుతోంది.

"కొండ మీదిది అవ్వా," అన్నాను. "ఆడోళ్ల వార్డుది. ఇది మోగకుంటె ఉండనంటుంది. అమాస కాంగనే వస్తనంటుంది."

అవ్వ తీగ వదల్లేదు, నా వైపు చూడనూ లేదు.

"గామె వినే పెట్టెనా ఇది?"

"ఆఁ."

కాగితం సరిచేసి మళ్లీ తిప్పసాగింది. ఒకటి, రెండు, మూడు. ఆమె పెదవులు చూస్తూ కూర్చున్నాను. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. రాయి కుడి పక్కకు జరిగింది. తర్వాత పెదవులు మూసుకున్నాయి, చట్రం ఒక్కసారి తిరిగింది. మళ్లీ ఒకటి, రెండు.

మొదట పొరబడ్డాననుకున్నాను. రెండో ఇరవైకి చూశాను. మూడో ఇరవైకీ చూశాను. ప్రతి ఇరవైకి ఒక చుట్టు లెక్కకు రాకుండా పడుతోంది. మొదటి ఆరు రాళ్లకు అలా చేయలేదు. అప్పటికి అది ఒట్టి తీగ.

చెప్పాలి. తొమ్మిది వందల ఇరవై అంటే తొమ్మిది వందల ఇరవై అని మత్తయ్య ఒకటికి మూడుసార్లు అన్నాడు. ఎక్కువైతే ఏమవుతుందో నాకు తెలియదు. మళ్లీ చుట్టడానికి అంత తీగ లేదు. ఇది పాడైతే రుక్కమ్మ మూట ఎత్తుకుని కొండ దిగుతుంది. అన్నీ తెలిసి కూర్చున్నాను. నోరు తెరిచి అవ్వా ఆపు అనడానికి రెండుసార్లు సిద్ధమయ్యాను. తొమ్మిది నెలలు దాటాక అవ్వ ఆమెను లెక్కలోకి తీసుకుంటోంది. అందులో నేను వేలు పెట్టలేకపోయాను.

ఆఖరి రాయి జరిగింది. అవ్వ నడుం పట్టుకుని లేచి, "ఇంకొక గొంగడి మిగిలింది, సంత లేవక ముందు పోత," అని బయటికి నడిచింది.

*

మత్తయ్య ముందు విప్పి పెట్టిన మొద్దు తీగను పైన తనే చుట్టి, రేకులు బిగించి, గోడకు కలిపాడు. బల్బు చెక్క మధ్యలో పెట్టాడు. బల్బు సగం కళ్లతో వెలిగింది. బతికే ఉంది. తర్వాత బల్బు తీసేసి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తో మీటరు తీగలు ఆనించాడు. రెండు చేతులూ ఎప్పుడూ ముందుకు పెట్టడు.

ముల్లు లేచి మూడు వందల ముప్పై అయిదు దగ్గర నిలబడింది.

"యాభై ఉండాలె," అన్నాడు. ఇంకోసారి ఆనించాడు. అంతే. "ఎక్కడనో చుట్లు ఎక్కువ పడ్డయి. మీ అవ్వ లెక్క తప్పింది."

"తప్పలే ఉస్తాద్."

చెప్పాను. దొడ్డి తడిక, ఇరవై, బీరప్ప, జబ్బు గొర్రె, అన్నీ. అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నా జన్మలో అదే మొదలు అనుకుంటా. ఆరు రాళ్ల దాకా సరిగ్గా ఉన్నాయి, తర్వాత నలభై చుట్లు ఎక్కువ, నేను చూస్తూ ఊరుకున్నాను అన్నాను.

మత్తయ్య తిడతాడనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూర్చున్నాడు. "జర చూద్దాం," అన్నాడు. రేడియో బుడ్లకు దాన్ని కలిపి మోగనిచ్చాడు. బండి వచ్చి పోయింది. సంత మొత్తం లేచింది. ఆయన అప్పుడప్పుడు లేచి మీటరు చూసి కూర్చుంటున్నాడు.

"ఇనుము మీద చెయ్యి పెట్టి ఇరువై లెక్కవెట్టు," అన్నాడు చివరికి. "అంతలోపల చెయ్యి గుంజుకుంటె ఇది బతకదు."

పెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. ఇంకో ఇరవై లెక్కపెట్టాను. చెయ్యి తీయాల్సిన పని పడలేదు.

"పాతది ఎందుకు కాలిందో తెలుసా?" అన్నాడు. "ఒక్క పిడుగే అనుకున్న. పాత దాన్ని కోసి చూసిన, అడుగు నుంచి మాడి ఉన్నది. ఎన్నో రోజుల నుంచి ఉడుకుతుంది. రాత్రి పొద్దువోయినంక కరెంటు పైకి ఎక్కుతది, అది తట్టుకోలేకపోయింది. పిడుగుది ఆఖరి దెబ్బ. నేను పట్టువట్టి తొమ్మిదొందల ఇరువై చుట్టిపిస్తె ఇది గూడ గట్లనే ఉడికేది. గోడ దిక్కు నలభై చుట్లు ఎక్కువుంటె ఎక్కిన కరెంటు గూడ అరుగుతది. ఆవాజ్ వెంట్రుకంత తగ్గుతది. ఎవరికీ తెల్వది."

బీడీ ముట్టించుకున్నాడు.

"మా చర్చిల దేవునికి పదింట్ల ఒకటి ఇయ్యాలె. మీ దేవుడు ఇరువైకి ఒకటి తోనే ఊకుంటడా?"

"ఊకుంటడు."

"సస్తా దేవుడు, చవుక బేరం," అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. బీడీ పొగ అనుకున్నాను.

ఏమి ఇచ్చుకోమంటావని అడిగితే, ఇంకో గొంగడి నేస్తే నాకే ఇమ్మను అన్నాడు. అవ్వ ఆ చలికాలమే నేసి ఇచ్చింది. ఆయన పోయిన రోజు దాకా దాని మీదే పడుకున్నాడు. పనికిరాని ఇనుమని ఊరంతా నవ్విన కుప్పను పదకొండేళ్లు వాన తగలకుండా కాపాడాడు ఆ మనిషి. ఆ కుప్ప ముందు నన్ను కూర్చోబెట్టి వెతుక్కోమన్నాడు. ఆయనకు నా చేత కృతజ్ఞత సరిగ్గా చెప్పించుకునే ఓపిక కూడా ఉండేది కాదు. మాట మొదలుపెడితే, "పో పో, గొర్లు ఎదురుచూస్తున్నయ్," అనేవాడు.

*

పొలాల అమావాస్యకు ముందు రోజు రేడియోను గొంగడిలో చుట్టుకుని కోట్‌పల్లి దారి పట్టాను. ఊరి చివర వెనక అడుగుల చప్పుడు వినిపించింది. అవ్వ. చంకలో రొట్టెల మూట, చేతిలో కర్ర.

"అంత దూరం నడుస్తవా?"

"గొర్ల ఎంబడి ఇంతకన్న తక్కువ నడిచిన్నా?"

వాగు దగ్గర రేడియోను కాసేపు తాను మోస్తానంది. ఇచ్చాను.

మేం కొండ ఎక్కేసరికి పొద్దు చెట్ల కిందికి దిగుతోంది. మూట మంచం కింది నుంచి మీదికి వచ్చింది. రుక్కమ్మ జుట్టు దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. రేపటికి కాదు, ఈ రోజుకే సిద్ధంగా ఉంది. అవ్వను చూసి లేచి నిలబడింది.

దేవమ్మ రేడియోను అందుకుని బల్ల మీద పెట్టింది. మత్తయ్య చెప్పినట్టు చెయ్యి పొడిగా తుడుచుకుని, ఎడమ చెయ్యి వెనక పెట్టుకుని, మీట తిప్పాను. ఏమీ రాలేదు. బుడ్లు వెచ్చబడాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. వార్డులో పద్నాలుగు మంచాలు. ఎవరో గీరినట్టు దగ్గారు. ఎవరో తడిగా దగ్గారు. రుక్కమ్మ చెప్పింది నిజమే, ఒక్కొక్కరిదీ తెలుస్తోంది.

లోపల సన్నగా మూలుగు మొదలైంది. తర్వాత గరగర. ఆ గరగరలోంచి హైదరాబాద్ స్టేషన్ నుంచి ఎవరో మనిషి, ఎరువుల గురించో దేని గురించో, తాపీగా మాట్లాడుతూ బయటికి వచ్చాడు. తర్వాత పాట వచ్చింది. దగ్గులు ఆగలేదు. ఎవరివో మాత్రం తెలియడం లేదు.

కిటికీ పక్క మంచం మీది కొత్తామె గోడ వైపు నుంచి ఇటు తిరిగి పడుకుంది. దేవమ్మ చీపురు పట్టుకునే కూర్చుండిపోయింది.

అవ్వ దగ్గరికి వెళ్లి పెట్టె నెత్తి మీద అరచెయ్యి ఆనించింది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై దాకా లెక్కపెట్టి ఉంటుంది. "పాలు తాగిన గొర్రెపిల్ల కడుపు లెక్క ఉన్నది," అంది. తర్వాత మంచం వైపు తిరిగింది.

"రుక్కమ్మా. రొట్టెలు తెచ్చిన. తిను."

రుక్కమ్మ నా వైపు చూసింది, ఆ పేరు నేను కూడా విన్నానా లేదా అన్నట్టు. తల ఊపాను.

"దీన్ల తీగె అవ్వనే చుట్టింది," అన్నాను.

"ఎన్ని చుట్లు చుట్టినవ్ అత్తమ్మా?"

"నలభై ఆరు ఇరువైలు," అంది అవ్వ.

రుక్కమ్మ గొర్ల ఇంట్లో పుట్టిన మనిషి. అత్త ముఖంలోకి అట్లే చూసింది.

"గంతేనా?"

"గంతే."

రుక్కమ్మ మంచం మీద కూర్చుని మూటను ఒళ్లోకి లాక్కుంది. ముడి గట్టిగా పడింది, వేళ్లతో రాలేదు. పళ్లతో పట్టి విప్పింది.